తలుపేసి పెంచిన మొలకలు

మర్గిలాన్ ఊళ్లో ఆ వీధి పుట్టాక ముకర్రం ఓడిన తగవు లేదు. నవ్‌రోజ్ వసంత పండుగకు వీధంతటికీ సుమలక్ పాయసం వండే కొప్పెర ఎవరి గుమ్మం ముందు ఉండాలన్న తగవును ఎదురింటి ఓయ్‌నిసా తన గడపలో నిలబడి కళ్లారా చూసింది. ఏళ్లుగా వండుతున్న సనోబర్ ముసలమ్మ కొప్పెర అంచు పట్టుకుని వదలదు.

"చేతులు వణుకుతున్నాయి నీకు. పొయ్యిలో పడితే లేపలేం తల్లీ, వదులు," అంది ముకర్రం.

"నీకు టీ కాచడం వచ్చా?"

"మా ఆయన మంచం మీంచి లేస్తే మూడు పండుగలు వండిపెడతానని మొక్కాను. లేచాడు. ఇప్పుడేం, మళ్లీ పడుకోబెట్టమంటావా?"

మొక్కుకు అడ్డం పడితే పాపం. సనోబర్ చెయ్యి తీసేసింది.

నోటితో గెలిచింది సరే, వండొద్దూ! సుమలక్‌కు చక్కెర వెయ్యరు. గోధుమ మొలకల్లో ఉన్న తీపే తీపి. తెల్లగా ఉండగానే రుబ్బాలి. కొస పచ్చబడిందా, చేదు. ఈ సంగతి వీధిలో పాలు తాగే పిల్లకూ తెలుసు. ముకర్రంకూ తెలుసు. తెలిసీ "ఇంకాస్త పెరగనీ" అంటుంది. వెళ్లి చూద్దామంటే మొలకల మీద పరాయి కన్ను పడకూడదాయె. తలుపేసుకున్నాక ఆమె ఇష్టమే ఇష్టం.

మొదటి ఏడు చేదు. "నీళ్లు మంచివి కావు" అంది. రెండో ఏడూ చేదు. "గోధుమలమ్మినవాడు దొంగ" అంది. ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు ఆవులకు పెడితే ఆవులు మూతి తిప్పుకున్నాయి. సనోబర్ మాత్రం అడిగి మరీ గిన్నె నింపించుకుని, అందరి ముందూ అడుగంటా తిని, మూతి తుడుచుకుని వెళ్లింది. ఆ తినడం కన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఓయ్‌నిసాకు ఒళ్లు మండిపోయేది. వంట చెడితే ఎవరికి కోపం? చెడిందని ఒప్పుకోదే, అదీ మంట!

మూడో ఏడు పండుగ దగ్గరపడుతుండగా ముకర్రం వచ్చి, ఉల్లిపాయలు తరుగుతున్న ఓయ్‌నిసా ఎదురుగా కూలబడింది.

"అక్కా, పొద్దున మా ఆయన అడిగాడు, 'చేదు పెడితే మొక్కు తీరినట్టేనా' అని."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

ఓయ్‌నిసా కత్తి కింద పెట్టింది. ముకర్రంకు జవాబు దొరకలేదన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"ఇదే ఆఖరు. ఇదీ చేదైతే దేవుడికి చూపించడానికి నా దగ్గరేం లేదు."

"అయితే సనోబర్‌ను పిలు."

"ఏ మొహం పెట్టుకుని పిలవను? నువ్వు రా. రేపు గోధుమలు నానేస్తున్నా. రోజూ పొద్దున్నే వచ్చి చూసిపో."

"బాగుంది! నాది చెడ్డకన్నని ఊరంతా చాటిందెవరు?"

"నేనే. ఇంకోసారి చాటమన్నా చాటుతాను. కానీ నన్ను తిరిగి తిట్టేది నువ్వొక్కదానివే. నువ్వు 'ఇక రుబ్బు' అన్నాక నేను ఇంకొక్క రోజంటే వినకు. ఏడ్చినా వినకు. తట్ట లాక్కుపోయి నువ్వే రుబ్బెయ్."