ఉన్ని కోటు చేతిలో దొర

లాండ్రీ ఆయన ఇంట్లో కుక్క తిండి మానేసింది.

కుక్కంటే అల్లాటప్పా కుక్క కాదు, పెకినీస్. పిడికెడు ఒళ్లు, మూరెడు పొగరు. ముఖం చూస్తే, పుట్టగానే ఎవరో దాని మీద తలుపు వేసినంత చప్పిడి. నడక చూస్తే, అలిగి వెళ్లిపోతున్న మేనమామ నడక. పిలిస్తే రాదు, తనకు బుద్ధి పుడితే వస్తుంది. అందుకే ఆయన భార్య దానికి దొర అని పేరు పెట్టింది.

దుకాణంలో బల్లకు మోచేయి ఆనించి, బట్టల కోసం వచ్చినవాళ్లందరికీ ఆయన దొర వంశచరిత్ర వినిపించేవాడు. వెనకటికి ఓ సింహం చిట్టి కోతిని ప్రేమించిందట. "ఒళ్లు కుదించు స్వామీ, గుండె మాత్రం సింహానిదే ఉండనీ" అని దేవుణ్ణి వేడుకుందట. ఆ కాపురంలో పుట్టిన జాతట ఇది. చైనా రాజభవనాల్లో పెరిగిందట. రాజకుటుంబంవాళ్లు వెడల్పాటి అంగీల చేతుల్లో పెట్టుకుని తిరిగేవాళ్లట. ఇక్కడిదాకా లోకం చెప్పుకునేదే. ఆ పైన అంతా ఆయన సొంత కవిత్వం.

"మా దొర ముత్తాత చక్రవర్తి అంగీ చేతిలోంచి తల బయటపెట్టి, లంచం తిన్న మంత్రిని వాసన పట్టి కరిచేవాడండీ!"

లోపల ఇస్త్రీ చేస్తున్న భార్య కేకేసేది. "కోతలు చాలు గానీ, ఆ వచ్చినాయన ప్యాంటు ఇచ్చి పంపండి. పాపం, ఉన్నది అదొక్కటే!"

రాచరికం రక్తంలో ఉందో ఏమో, దొర నిద్ర కూడా ఆమె ఉన్ని కోటు చేతిలోనే. తల ఒకవైపు, తోక ఒకవైపు, మధ్యలో బాయిలర్‌ను మించిన గురక.

ఆమె పోయింది. ఆయన చేతులకు తెలిసిన పని ఒక్కటే. బీరువాలో ఆమెవి ఏవీ వదలకుండా, కోటుతో సహా, ఉతికి, ఆవిరి పట్టి, మడత నలగకుండా పేర్చాడు. అంతకు మించిన గౌరవం ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం దొర కోటు దగ్గరికి వచ్చింది. ఒక చేతిలో ముక్కు దూర్చి, బయటికి తీసింది. రెండో చేతిలోనూ చూసింది. వెళ్లి గుమ్మం దగ్గర పడుకుంది. అప్పుడు గానీ తాను ఏం ఉతికేశాడో ఆయనకు తెలియలేదు. తానూ కోటుకు ముఖం ఆనించాడు. సబ్బు వాసన.

అప్పటినుంచి దొర పాలు ముట్టలేదు, మాంసం ముట్టలేదు. "జబ్బేమీ లేదు. కానీ ఇలాగే పస్తుంటే ఈ చిన్న ప్రాణం నిలవదు" అన్నాడు పశువుల డాక్టరు. ఆయన నేల మీద చతికిలబడి, దొరకే దాని ముత్తాత కథ చెప్పి చూశాడు. అది ముఖం తిప్పుకుంది. ఇక గతిలేక భార్య చెల్లెలికి ఫోన్ చేశాడు.

మరదలు మెట్ల మీదనుంచే మొదలుపెట్టింది. "ఏం బావా, కుక్క సంగతి సరే, నువ్వు తిన్నావా? ఆ గడ్డం చూడు, పొయ్యిలో బూడిదలా! ఇది ఇల్లా, సబ్బుల గోదామా?"

గుమ్మం దగ్గర దొర చెవులు నిక్కాయి. అక్కచెల్లెళ్లది ఒకటే గొంతు. చివర్లో సాగదీసి దులిపేసే తీరూ ఒకటే. దొర తూలుతూ లేచి, ఆమె కాళ్ల దగ్గరికి నడిచింది. ఆమె గిన్నె పట్టుకుంటే పాలు తాగింది.

ఆయన కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. ఇంకాస్త తిట్టు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. మెల్లగా అంది. "నేను తీసుకెళ్లనా? అంటే... నీకున్న తోడు అదొక్కటే కదా..."

ఉండిపొమ్మని ఆమెను అడగలేడు. వేరే ఊళ్లో ఆమెకు ఇల్లుంది, పిల్లలున్నారు, తెల్లారితే ఉద్యోగం ఉంది.

"తోడుదేముంది? నీ దగ్గర తింటోంది. తీసుకెళ్లు."

ఆమె దొరను చంకనెత్తుకుని మెట్లు దిగుతూ దానికీ చీవాట్లు పెడుతూనే ఉంది. "కదలకురా! బొచ్చు తప్ప బరువు లేదు, దీనికి రాజుగారి వంశమట..."

ఆయన తలుపు వేయలేదు. మాటలు అందకుండా పోయి, గొంతు ఒక్కటే మిగిలి, అదీ వీధి చప్పుడులో కలిసిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.