క్లబ్‌హౌస్ కొలనులో పెద్ద చేప

గోదావరి జిల్లాలో పుట్టినందుకు నాకు జరిగిన నష్టాల్లో మొదటిది, చేపల గురించి అన్నీ తెలిసినవాడిలా బతకాల్సి రావడం. కూకట్‌పల్లిలో అద్దెకున్నంత కాలం ఈ బాధ లేదు. అక్కడ చుట్టూ అందరూ మావాళ్లే, అందరికీ తెలిసిందే తెలుసు. నార్సింగిలో ఫ్లాటు కొనుక్కుని వచ్చాక లిఫ్టులో ఎవరో పులస గురించి అడిగారు. నేను పదిహేనో అంతస్తు నుంచి కిందికి దిగేదాకా చెప్పి, దిగాక కూడా ఆపలేదు. ఆ రోజుతో మా నాలుగు టవర్లకీ చేపల విషయంలో పెద్దదిక్కునైపోయాను.

నిజానికి చేపతో నాకున్న పరిచయమంతా అది ముక్కలయ్యాకే. పులుసులో ఉన్నది తోక ముక్కో నడుం ముక్కో కళ్లు మూసుకుని చెబుతాను. ప్రాణంతో ఉన్న చేప తోక ఆడిస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తాను. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు.

మా క్లబ్‌హౌస్ ముందు ఒక కొలను ఉంది. బిల్డరు బ్రోచర్‌లో దాన్ని లేక్ అన్నాడు. మనిషి కాస్త పొడుగైతే ఆరు అంగల్లో దాటేస్తాడు. నడుము లోతు నీళ్లు, అడుగున మట్టి పోసి నాటిన తామరలు, మధ్యలో ఒక ఫౌంటెన్. అందులో అరచెయ్యంత రంగు చేపలు పదిహేడు ఉండేవి. అవి తగ్గుతున్నాయని మొదట పిల్లలు కనిపెట్టారు, తర్వాత వాట్సాప్ గ్రూపు కనిపెట్టింది. "మాలి ఇంట్లో కూర వాసన వస్తోందేమో చూడండి" అని ఎవరో రాశారు. కింద పాతిక మంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు.

మర్నాడు ఉదయం ఆఫీసు క్యాబు కోసం నిలబడి ఉంటే మాలి వచ్చాడు. పాలమూరు వైపు మనిషి, నలభై దాటి ఉంటాయి. అతను మొక్కలు చూస్తాడు, భార్య మెట్లు తుడుస్తుంది. పంపు రూము వెనక గదిలో ఉంటారు.

"సార్, మీరు గోదావరోళ్లు గదా. చాపల సంగతి మీకెరుకుంటది. జర నా మాట ఇనుండ్రి."

"చెప్పు."

"అండ్ల ఇంకోటేదో ఉన్నది సార్. పెద్దది. నా కండ్లతోని చూసిన. అదే మింగుతున్నది. మేనేజర్ సార్‌కు చెప్తే నవ్వుతుండు. ఆదివారం సొసైటీ మీటింగుల తేలకపోతే ఇద్దర్నీ పనిలకెళ్లి తీసేస్తనన్నడు. రూము గుడ ఖాళీ చెయ్యాలె. పరేషాన్ అయితున్నది సార్."

నాకు నవ్వు బొమ్మ గుర్తొచ్చి చిరాకేసింది. నా మీద నాకు చిరాకేస్తే అది పక్కవాడి మీద చూపించడం నా అలవాటు. "అంత చిన్న నీళ్లలో పెద్ద చేప ఎలా ఉంటుందయ్యా? చూద్దాం పద" అన్నాను విసుగ్గా. క్యాబు డ్రైవరును కాసేపు ఆగమన్నాను. కొలను గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. పావుగంటకు తామరాకులు పక్కకు జరిగాయి. నల్లటి మూతి ఒకటి పైకొచ్చి, గుటుక్కున గాలి మింగి మునిగిపోయింది. నేను గట్టు మీంచి లేచి నిలబడ్డాను.

"చూసిండ్రా సార్?"

"చూశాను. అది వాలుగ" అని తేల్చేశాను. ఏదో ఒకటి తేల్చకపోతే పరువు పోతుంది.

"వాలుగ గాలి కోసం గిట్ల పైకొస్తదా సార్? నాకు కొర్రమట్ట లెక్క కొడుతున్నది."

"కొర్రమీను చెరువుల్లో ఉంటుందయ్యా, క్లబ్‌హౌస్‌లో కాదు."

ఆ సాయంత్రం, పొద్దున కొలను దగ్గర ఫోన్లో తీసిన ఫొటో పట్టుకుని కూకట్‌పల్లి చేపల మార్కెట్‌కి వెళ్లాను. నాకు పదేళ్లుగా చేపలమ్మే ఆవిడ కత్తి పక్కనపెట్టి, ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "ఇది చేప కాదండి, ఆకండి" అంది. పక్క దుకాణం ఆయన కూడా ఆకే అన్నాడు.

తర్వాత గాలం తెప్పించాను. ఆన్‌లైన్‌లో ఎర్ర రంగు కర్ర, రీలు, టోపీ కలిపి వచ్చాయి. చపాతీ పిండి ఎర వేసి రెండు ఉదయాలు కూర్చున్నాను. రంగు చేపలు పిండి తిని వెళ్లిపోయాయి. మూడో ఉదయం బరువుగా ఏదో తగిలింది, నేను కేక పెట్టి లాగాను, ఫౌంటెన్ లైటు వైరు తెగి చేతికొచ్చింది. ఆ మధ్యాహ్నం గ్రూపులో ఫౌంటెన్ చెడిపోయిందని మరో గొడవ మొదలైంది, దానికీ మాలినే అన్నారు. ఆ గొడవ మాత్రం నేను వెంటనే ఒప్పుకుని ఆపాను. వైరు ఖరీదు తక్కువే కాబట్టి ధైర్యం వచ్చింది.

శనివారం మేనేజర్‌ని పట్టుకుని, మీటింగుకు ముందు కొలను తోడిద్దామన్నాను. ఆఫీసులో ఏ సర్వర్ మొరాయించినా ముందు ఆపి చూడమనే నా వైద్యం ఇక్కడా పనికొస్తుందనుకున్నాను. మేనేజర్‌కి ఇష్టం లేదు గానీ ఫ్లాటు ఓనర్ని, కాదనలేకపోయాడు.

ఆదివారం పొద్దున్న మోటారు పెట్టారు. జనం కాఫీ కప్పులతో దిగారు. పచ్చికలో యోగా చేసే ఆడవాళ్లు చాపలు కూడా చుట్టకుండా వచ్చి నిలబడ్డారు. మిగిలిన ఎనిమిది రంగు చేపల్ని మాలి, అతని భార్య వలతో పట్టి నీలం డ్రమ్ముల్లో వేశారు. నీళ్లు తగ్గాయి, తామర దుంపలు బయటపడ్డాయి, రెండు బంతులు, ఒక చెప్పు బయటపడ్డాయి. చివరికి బురద మాత్రం మిగిలింది. పెద్ద చేప లేదు.

ఎవరో చప్పట్లు కొట్టారు, వెటకారంగా. మేనేజర్ నా వైపు తిరిగి, "సార్, క్లియర్ కదా. ఇగ నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మూతిని నా కళ్లతో చూశానని అక్కడ చెప్పాల్సింది. ఆకేనేమో అన్న అనుమానం నన్ను కూడా పట్టుకుంది.

"జర ఆగుండ్రి" అన్నాడు మాలి. "నీళ్లు పోతె గది యాడికి పోదు. బురదలకు దిగుతది."

పంచె ఎగగట్టి లోపలికి దిగాడు. చేతులతో వెతకలేదు. అరికాళ్లతో మెల్లగా, నేల తొక్కి చూసేవాడిలా నడిచాడు. నాలుగో అడుగో ఐదో అడుగో వేసి ఆగిపోయాడు. భార్య వైపు చూశాడు. ఆమె గోనెసంచి విప్పి పట్టుకుంది. వంగి రెండు చేతులూ మోచేతుల దాకా బురదలో దించాడు, మరుక్షణం బురదంతా లేచింది.

మూరకు పైనే ఉన్న నల్లటి చేప అతని చేతుల్లోంచి జారి గట్టు మీద పడింది, గట్టు మీంచి పచ్చికలోకి, పచ్చికలోంచి యోగా చాపల మీదికి పాకింది. మా టవర్లలో అంత వేగంగా జనం కదలడం నేను ఫైర్ అలారం మోగినప్పుడు కూడా చూడలేదు. గోదావరి జిల్లావాణ్ణి, నేను ఎక్కడున్నానంటే, బెంచీ పైన. చివరికి మాలి భార్య సంచి పరిచి దాని మీద పడి పట్టుకుంది.

కొర్రమీనే. పాములాంటి తల, ఒంటి మీద మచ్చలు, పొరబడడానికి వీల్లేదు. ఈసారి చప్పట్లు నిజంగానే కొట్టారు. నేను కూడా బెంచీ దిగి, కొర్రమీను నీళ్లు లేకున్నా కొంతసేపు బతుకుతుందని అందరికీ వివరించడం మొదలుపెట్టాను.

అప్పుడు మేనేజర్ అడిగాడు, "అరే, మరి ఇది లోపలికెట్ల వచ్చింది? నాలుగు దిక్కులా గోడలున్నయ్. మన పైపులల్ల రాదు." మాలి వైపు తిరిగాడు. "నువ్వే ఏసినవా? పెంచి అమ్ముకుందామని? రేటు మంచిగున్నదిగా దీనికి."

చుట్టూ గుసగుస మొదలైంది. బురదలో చేప ఎక్కడుందో ఇతనికే ఎలా తెలిసింది అని ఒకావిడ పక్కావిడతో అంది. మాలి మొహంలో నవ్వు పోయింది.

"పనికి రావద్దంటె రాను సార్, పోత" అన్నాడు. "దొంగ అని మాత్రం అనకుండ్రి. నా బిడ్డ గీడనే బడికి పోతది."

సరిగ్గా అప్పుడు నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట, మృగశిర కార్తె నాడు, నా ఉబ్బసానికి చేప మందు మింగి రమ్మని మా ఆవిడ నన్ను పంపింది. వేలెడంత కొర్రమీను పిల్ల నోట్లో మందు కూరి, ప్రాణంతోనే గొంతులోకి జార్చే మందు అది. పిల్లను కొని, ప్లాస్టిక్ కవరులో పట్టుకుని, క్యూలో నిలబడ్డాను. నా ముందు మనిషి మింగుతూ గుడ్లు తేలేయడం చూసి బారికేడ్ కింద నుంచి దూరి బయటపడ్డాను. ఇంటికొచ్చేదాకా అది కవరులో తిరుగుతూనే ఉంది, పారేయడానికి మనసొప్పలేదు. కొలనులో వదిలి పైకెళ్లాను. "మింగేశారా?" అంది ఆవిడ. "మింగేశాను" అన్నాను. అంతే, మర్చిపోయాను. ఈ మూడేళ్లలో నేను సుఖంగా ఊపిరి తీసుకున్న ప్రతిసారీ మా ఆవిడ ఆ ఘనత చేప ఖాతాలోనే వేసింది. ఆవిడ మాట విని ముగ్గురు చుట్టాలు కూడా వెళ్లి మింగొచ్చారు.

ఆవిడ సరిగ్గా నా పక్కనే నిలబడి ఉంది. చుట్టూ వంద మంది. నేను చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. సిగ్గుతో చెబుతున్నాను, ఆ లెక్క కాసేపు వేశాను. మాలి భార్య ఇంకా సంచి మీద మోకాళ్లూని ఉంది, నా మొహంలోకి చూస్తోంది. ఆమెకు ఏమీ తెలియదు, ఊరికే చూస్తోంది. నాకు అది చాలింది.

"వేసింది నేనండి" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. మొత్తం చెప్పాను, బారికేడ్ దూరిన సంగతితో సహా.

ముందు మేనేజర్ నవ్వాడు. తర్వాత అందరూ. యోగా ఆవిడ ఒకరు నవ్వాపుకోలేక చాప మీద కూలబడ్డారు. "గోదావరి జిల్లా!" అని ఎవరో అరిచారు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

"అయితే మీ ఆయాసం దేనికి తగ్గిందండీ?"

"దానంతటదే తగ్గిందేమో."

"సరే, కూర మాత్రం నేను వండను. మీరు మింగాల్సినదాన్ని నేను ముక్కలు చెయ్యను" అని పైకెళ్లిపోయింది.

మాలిని చేప తీసుకెళ్లమన్నాను. చేతులు వెనక్కి తీసుకున్నాడు. "వద్దు సార్. మా ఇంట్ల చాప కూరొండితే మళ్లేం మాటొస్తదో." దాంతో పెయింటు బకెట్లో నీళ్లు పోసి చేపను అందులో వేసి, నా కారులో ఖాజాగూడ చెరువుకు బయల్దేరాం. బకెట్ అతని కాళ్ల మధ్య ఉంది. నా ఫోను ఆగకుండా మోగుతోంది, గ్రూపులో నా మీద జోకులు. రంగు చేపలకు బదులు కొత్తవి కొనివ్వమని ఎవరూ అనలేదు. మేనేజర్ అయితే గేటు దగ్గర సెల్యూట్ కూడా కొట్టాడు.

"మంచిగ నవ్విండ్రు సార్ అందరు" అన్నాడు మాలి.

"ఇంకో ఏడాది నవ్వుతారులే."

సిగ్నల్ దగ్గర బండి ఆపాక అడిగాడు, కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే. "గదే నేను ఏసిననుకోండ్రి సార్. గిట్లనే నవ్వుతుండిరా?"

నేను "లేదు" అన్నాను. అతను తలూపి, చేప ఎగరకుండా బకెట్ మీద గోనెసంచి సర్దాడు.