నాయనకు కడిగిన బోటి

నాకు బోటి అంటే అసహ్యం. గొర్రె పొట్ట, పేగులు. కడగక ముందు పేడకంపు, ఉడుకుతున్నప్పుడు ఇల్లంతా పట్టే ఆ తడి కంపు, పంటి కింద రబ్బరులా సాగే ఆ ముక్క. ఛీ, రాస్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. మా నాయనకు మాత్రం అదే ప్రాణం. కుప్పంలో వారమంతా గ్రానైట్ రాళ్లు కొట్టి, ఆదివారం వచ్చిందంటే తనే కడిగి, తనే వండుకుని, గిన్నె ఊడ్చుకుని తినేవాడు. నేను ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని వాకిట్లో కూర్చునేదాన్ని. "దొరసానమ్మకు వాసన తగల్తాంది" అని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆస్పత్రిలో చివరి వారం ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కటే. "రోంత బోటి సేసకరా పాపా." డాక్టరు వద్దన్నాడని చెప్పాను. డాక్టరు అనలేదు. ఏమడిగితే అది పెట్టమన్నాడు. ఆ పేగుల్ని ముట్టుకోవడం నావల్ల కాలేదు, అంతే. ఇడ్లీలు తీసుకెళ్లాను. నాలుగో రోజు పోయాడు.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అమ్మ అంతకుముందే పోయింది, బిడ్డను నేనొక్కదాన్నే. మదనపల్లెలో ఉద్యోగం చేసుకుంటూ మూడు పెద్దల అమావాస్యలు చూసీ చూడనట్టు దాటించేశాను. పోయినేడు ఆ రోజు దగ్గర పడుతుండగా పుంగనూరు నుంచి మేనత్త, మా నాయనకు అక్క, ఫోన్ చేసింది.

"మీ నాయన కల్లోకొస్తాండాడే. ఆకలి అంటాండాడు. ఒక్క ముద్దన్నా పెడితివా?"

"నువ్వే పెట్టొచ్చు కదత్తా."

"నేను ఇంగో ఇంటిదాన్ని. నా సేత్తో పెడితే వానికి అందదు. ఈ తూరి నువ్వు పెట్టు, నేనొస్తా. మళ్లేడుకు నేనుంటానో లేదో. నా తమ్ముడు తిన్నాడంటే నాకు సాలు."

అమావాస్య పొద్దున తొలి బస్సుకే దిగింది. నేను పాయసం, వడలు అనుకుని పప్పు నానబెట్టుకున్నాను. "వాడు వడలు తినే బతుకు బతికినాడా?" అని కసిరి నన్ను మాంసం అంగడికి తోలింది. ఏం తేవాలో నేను అడగలేదు.

నల్ల కవరులో తెచ్చినదాన్ని వెనక కొళాయి దగ్గర బకెట్లోకి ఒంపాను. పొట్ట లోపల నమిలిన గడ్డి పచ్చగా అంటుకుని ఉంది. గ్లౌజులు వేసుకుంటే అత్త లాగి అవతల పారేసింది. "మీ నాయనకు గ్లౌజులేసుకోని పెడతావా?" వేణ్ణీళ్లు పోసి, సున్నం రాసి, కత్తితో నల్ల పొర గీకమంది. గీకాను. అది ముద్దలు ముద్దలుగా గోళ్లలోకి దూరింది. పేగు కొస కొళాయికి తొడిగితే రెండో కొసలోంచి పచ్చటి నీళ్లు నా పాదాల మీద పడ్డాయి. థూ! ఏం తిండిరా దేవుడా! చచ్చిపోయిన మనిషి మీద కూడా అంత కోపం వస్తుందని నాకు తెలియదు.

అత్త మసాలా నూరడానికి లోపలికి పోయింది. ఎంత గీకినా కంపు పోలేదు. గట్టు మీద గిన్నెలు తోమే లిక్విడ్ కనబడింది, నిమ్మకాయ వాసనది. బుడబుడమని పోశాను. నురగ తేలింది. నాలుగుసార్లు నీళ్లు మార్చాను. హమ్మయ్య, కంపు వదిలింది అనుకున్నాను.

పెద్దలకు వండేటప్పుడు ఉప్పు కూడా చూడకూడదు. వాళ్లు తిన్నాకే మనం. ఫోటో ముందు ఆకు వేసి సంగటి, బోటి పులుసు వడ్డించాను. దక్షిణం వైపు చిన్న ఆకులో యమధర్మరాజుకు ఒక ముద్ద పెట్టాను. అత్త ఆ చిన్న ఆకుకు దండం పెట్టింది. "సామీ, మావాణ్ని ఈ పూటకు ఇడువు. తినేసి వస్తాడు."

తలుపు దగ్గరికేసి కాసేపు బయట కూర్చున్నాం. తర్వాత లోపలికి వచ్చి ఆ ఆకులోనిదే ఇద్దరం తినాలి. అత్త ముందు ఒక ముక్క నోట్లో వేసుకుంది. రెండుసార్లు నమిలి ఆగింది. చేతిలోకి ఉమ్మేసింది.

"ఏం పోసినావు?"

"గిన్నెలు తోమేది."

"అంత అసయ్యమా?"

"అసహ్యమే అత్తా."

"అట్లయితే నువ్వు పెట్టలేదు మే. మీ నాయన్ని కడిగేసినావు."

ఆ మాటకు నాలో ఏదో తెగింది. ఆస్పత్రి సంగతంతా చెప్పేశాను, డాక్టరు పేరు చెప్పి ఆడిన అబద్ధంతో సహా. తిడుతుందనుకున్నాను. చేతిలోని ముక్కను ఆకు అంచున పెట్టింది.

"అబద్దమని వానికి తెల్సునా?"

"తెలీదు. సరేలే పాపా అన్నాడు."

"సస్తా కూడా నీ మాట నమ్మినాడు" అంది అత్త. కొంగుతో ముఖం తుడుచుకుని ఆకు మడిచింది. "ఇంకా పొద్దుండాది. పో, ఇంగోటి తేపో."

మళ్లీ అంగడికి పోయాను. ఉత్త చేతులతో కడిగాను, సున్నం, పసుపు, వేణ్ణీళ్లు, అంతే. కొళాయి దగ్గరే రెండుసార్లు కక్కుకున్నాను. మూతి కడుక్కుని మళ్లీ గీకాను. అత్త గడప మీద కూర్చుని చూస్తూనే ఉంది, సాయం పట్టలేదు. ఎండ గోడ దిగేవేళకు మళ్లీ ఆకు వేశాం. అత్త దక్షిణానికి తిరిగింది.

"సామీ, ఇంగొక్కసారి ఇడువు. మద్యాన్నం వాడు తిన్లేదు."

తలుపు తీశాక అత్త చేయి పెట్టలేదు. ఆకు మొత్తం నా వైపు తోసింది. మొదటి ముక్క పళ్ల మధ్య సాగింది. అదే కంపు. కడుపులోది గొంతు దాకా వచ్చింది, దాన్నీ ముక్కనూ కలిపి మింగాను. ఫోటో వైపు తలెత్తలేక, ఆకులోకే చూస్తూ, ఆయన అడిగిందంతా నేనే తిన్నాను.