మల్కాపురం చర్చి మీద మంచు

మా నాన్న పోర్టులో కలాసీ. ఆయన జన్మలో కట్టించినది ఒక్కటే, మల్కాపురంలో మా చర్చికి కొత్త ముఖం. అదీ ఒక ముసలాయన్ని ఊరు కదలకుండా ఆపడానికి.

ఆ ముసలాయన మా ఫాదర్‌గారు. ఫ్రాన్సులో ఏదో కొండపల్లె నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే తల నెరిపించుకున్నారు. ప్రార్థన గ్రాంథికంలో చెప్పేవారు, మాట మాత్రం అచ్చం రేవు కూలీల మాటే. ఆయన గదిలో వాళ్ల ఊరి గుడి ఫోటో ఉండేది. పాతకాలపు యాత్రాస్థలమట. ఒక గొర్రెల కాపరికి పొదలో మరియమ్మ బొమ్మ దొరికితే ఊళ్లోకి తెచ్చారట, తెల్లారేసరికి అమ్మ మళ్లీ పొద దగ్గరే ఉందట. ఎన్నిసార్లు తెచ్చినా అంతేనట. చివరికి గుడే ఆమె దగ్గరికి వెళ్లింది. పక్కింటి హిందువులావిడ ఈ కథ విని పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"మా సబ్బవరం అమ్మోరూ ఇంతేనమ్మా. ఆడోల్లకి ఓ సోటు నచ్చిందంటే కదుల్తారేటి?" అంది.

ఎనభయ్యో దశకం మొదలయ్యాక పైనుంచి కబురొచ్చింది, ఫాదర్‌గారికి వయసైపోయింది కాబట్టి స్వదేశం పంపించేస్తామని. ఆయన సరేనన్నారు. సరేననడమే కదా ఆయన ఉద్యోగం. నాన్నకి మాత్రం అన్నం సయించలేదు. నాన్నకి టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచం పక్కన కూర్చుని గంజి పట్టింది ఈయనే.

"ఆ గుడేదో ఇక్కడే కట్టెత్తే ఇంకెక్కడికెల్తాడు?" అని తేల్చాడు నాన్న.

"కందకి లేని దురద కత్తిపీటకేటి?" అంది అమ్మ. అమ్మ మాట మా ఇంట్లో ఎవరు విన్నారు గనక.

కంటి ఆపరేషన్‌కి ఫాదర్‌గారు నెలన్నర పాటు ఆసుపత్రిలో ఉన్న అదను చూసి నాన్నా తోటి కలాసీలూ పని మొదలెట్టారు. ఫోటోలో ఉన్నట్టే గుండ్రటి కమాను, దాని పైన గంటకి ఒక కంత. పెద్ద పెద్ద కిటికీలు పూడ్చేసి సన్నటి కిటికీలు పెట్టారు. అవి ఆ దేశంలో చలి ఆపడానికట. మాకు గాలిని ఆపాయి గానీ రిఫైనరీ వాసనని ఆపలేదు. వెనక వైపు ఫోటోలో లేదు కాబట్టి వెనక వైపు ఎవరూ ముట్టుకోలేదు.

చివర్లో తాపీ మేస్త్రీకి ఒక అనుమానం వచ్చింది. ఫోటోలో కప్పు మీద తెల్లటి పూత ఉంది, అంచులు ఎగుడుదిగుడుగా.

"ఏటి బావా, సున్నం సగమే ఏసి ఒగ్గేసినారు?"

"అది ఆల్ల పద్దతి. ఉన్నదున్నట్టు ఏసెయ్," అన్నాడు నాన్న. పెంకుల మీద అలాగే వేసేశారు.

మే నెల మిట్టమధ్యాహ్నం ఫాదర్‌గారు లావు కళ్లద్దాలతో రిక్షా దిగారు. కప్పుకేసి చాలాసేపు చూశారు.

"ఏటిది, పెంకుల మీద మంచేటి?"

ఆ ఫోటో చలికాలంలో తీసిందట. మేస్త్రీ మెల్లిగా వెనక్కి జరిగాడు. నాన్న ముఖం మాడిపోయింది.

"నాను కడిగించెత్తాను సామీ."

"ఒద్దు, ఉండనీ. మంచు పడితే మా ఊరికి దారి మూసుకుపోద్ది. కరిగేదాకా ఎవులూ ఎల్లనేరు, ఎవులూ రానేరు," అన్నారు ఫాదర్‌గారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

నాన్న ఆ మాటని ప్రమాణంలా పట్టుకున్నాడు. వాన పడి సున్నం కారిపోయినప్పుడల్లా నిచ్చెనేసుకుని ఎక్కి కొత్తది కొట్టేవాడు. ఫాదర్‌గారూ కదల్లేదు. పైవాళ్లు మరిచిపోయారనుకున్నాం. పైవాళ్లు దేన్నీ మరిచిపోరు, ఆలస్యం చేస్తారంతే. ఆ చలికాలంలో టిక్కెట్టు వచ్చింది. ఫాదర్‌గారు మళ్లీ సరేనన్నారు.

స్టేషన్లో నాన్న ఆయన పెట్టె తనే మోసుకెళ్లి బోగీలో పెట్టాడు. రైలు వెళ్లిపోయాక, "మంచుండగానే ఎలిపోనాడు," అన్నాడు. నాకు ఫాదర్‌గారి మీద ఒళ్లు మండిపోయింది. గంజి పట్టడం వచ్చిన మనిషికి ఒక్కసారి వద్దనడం రాలేదా అనిపించింది.

మర్నాడు నాన్న డ్యూటీ మానేసి, బకెట్టూ కొబ్బరిపీచూ పట్టుకుని కప్పెక్కాడు. పెంకు పెంకునా సున్నం గీకి కడుగుతున్నాడు. కింద నిచ్చెన పట్టుకున్న నేను, ఆయన మీద అంత కోపమొచ్చిందా నాన్నా అని అడిగాను.

"కోపమేటే? మంచుంటే దారి మూసుకుపోద్దన్నాడు కదా. మరి తిరిగి ఎలగొత్తాడు?" అన్నాడు.