పాలబండి గుర్రాన్ని గెలిపించిన మా నాయన

మా నాయన సుబ్బరాయ కోలారు బంగారు గనుల టైం ఆఫీసులో గుమాస్తా. ఇరవై ఏడేళ్ళు ఆయన పని ఒకటే. షిఫ్టు మొదలయ్యే ముందర గని దగ్గర నిలబడి, లోపలికి దిగేవాళ్ళ పేర్లు, నంబర్లు పిలవడం. మనుషుల్ని గనిలోకి దింపే పెద్ద చక్రం తిరిగే రొదలో కూడా కడపటి వరసలో ఉండే మనిషికి తన పేరు స్పష్టంగా వినిపించేది. ఆండర్సన్‌పేటలో ఆ గొంతు తెలియని ఇల్లు లేదు.

2001లో గనులు మూసినారు. అప్పటికి ఆయనకు యాభై రెండు. పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి పని అడిగేవాడు. వయసు చూసి వద్దనేవాళ్ళు. రానురానూ ఇంట్లో మాట తగ్గించేసినాడు. "ఇంగ కొంచెం గట్టిగా చెప్పండి, వినిపించలేదు" అని మా అమ్మ జలజ ఆయన్ను అడిగే రోజు వస్తుందని మేమెవరమూ అనుకోలేదు.

ఒక సాయంత్రం బెంగళూరు నుంచి వస్తా వస్తా ఒక సినిమా సీడీ తెచ్చినాడు. ఫుట్‌పాత్ మీద పాత సీడీల గుట్టలో దొరికిందంట. అట్ట మీద ఒక గుర్రం, ముగ్గురు పిల్లలు. పాతకాలపు హాలీవుడ్ సినిమా, నలుపు తెలుపుది. చిన్నప్పుడు గనుల క్లబ్బులో తెర కట్టి వేస్తే నేల మీద కూర్చొని చూసినాడంట.

"అప్పుడు ఒక్క మాటా అర్థం కాలేదప్పా. గుర్రం గెలిచినప్పుడు మాత్రం అందరికన్నా ముందు లేచి అరిచింది నేనే," అన్నాడు.

కథ చిన్నదే. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల స్నేహితులు. పాలబండి లాగే గుర్రంలో వాళ్ళకు వేగం కనిపిస్తుంది. దాన్ని పందేనికి తయారు చేస్తారు. తీరా పందెం దగ్గర పడేసరికి, స్వారీ చేయాల్సిన పిల్లోడు ఎత్తు పెరిగి బరువైపోతాడు. పోట్లాడి మాటలు మానేసిన స్నేహితుడి దగ్గరికి తానే పోయి, కళ్ళెం వాడి చేతిలో పెడతాడు.

ఆ రోజు మా ఇంటి టీవీలో వేసినప్పుడు మా అమ్మ అడిగింది, "ఏమంటా ఉండారు వాళ్ళు?"

నాయన మొదట అర్థం చెప్పినాడు. తరువాత వాళ్ళ మాటలే తెలుగులో చెప్పడం మొదలుపెట్టినాడు. ఆడపిల్ల అలిగితే అలిగినాడు, పాలవాడు తిడితే తిట్టినాడు. గుర్రంలా సకిలించేదీ ఆయనే. సినిమా అయిపోయేసరికి కిటికీ అవతల ఇరుగుపొరుగు పిల్లలంతా చేరినారు.

పై ఆదివారం శ్రీకృష్ణ శెట్టి తన బియ్యం గోడౌన్లో మూటల నడుమ జాగా ఇచ్చినాడు. టీవీ సౌండు పూర్తిగా తగ్గించి, పక్కన నిలబడి నాయన చెప్పేవాడు. అక్కడ తమిళం వాళ్ళూ కన్నడం వాళ్ళూ ఉంటారు కదా, ఆ మాటలూ కలిపేవాడు. చూసిన సినిమానే మళ్ళీ చూసేదానికి జనం వచ్చేవాళ్ళు.

నేను అప్పుడు ఇంజనీరింగ్ చదువుతా ఉంటిని. నాకు తలకొట్టేసినట్టు ఉండేది. ఒకసారి చెప్పేసినాను కూడా. "నాయనా, అందరూ నవ్వుకుంటా ఉండారు. ఇంగ చాలించు."

ఆయన కోప్పడలేదు. "నవ్వాల్సిన చోటే నవ్వుతా ఉండారు విజయేంద్రా. నువ్వు ఇంకా ఒక్కసారి కూడా పూర్తిగా కూర్చోలేదు," అన్నాడు.

గోడౌన్లో ఆ సినిమా చూసిన వాళ్ళలో నమ్రత అనే టీచరు ఉండింది. మాలూరు తాలూకా లక్కూరులో పాఠాలు చెప్పేది. తమ బడి పిల్లలకు వేయమని నాయనను పిలిచింది. అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు తగిలించేది నాకే తెలుసు కాబట్టి నేనూ పోక తప్పలేదు.

మధ్యాహ్నం. బడి కిటికీలకు గోనెపట్టాలు కట్టి చీకటి చేసినారు. పిల్లలు ముందర, ఊరివాళ్ళు వెనక. నాయన చెబుతా ఉండాడు, కథ నడుస్తా ఉండాది. కడపటి పందెం వచ్చింది. ఏడు గుర్రాలు గీత దగ్గర నిలబడినాయి. అంతే, బొమ్మ ఆగిపోయింది. తరువాత గోడంతా నీలంగా మారింది.

సీడీ తీసి చొక్కాతో తుడిచి పెట్టినాను. మూడుసార్లు. కదల్లేదు. పిల్లలు గోల మొదలుపెట్టినారు.

"ఇంకో రోజు పెట్టుకుందాం సార్," అనింది నమ్రత.

నాయన నా వైపు తిరిగినాడు. "ఆ పట్టాలు తీసేయప్పా. వెలుతురు రానీ."

తీసినాను. వెలుగులో ఒట్టి గోడ, దాని ముందర తెల్ల చొక్కాలో మా నాయన. ఒక్క క్షణం కళ్ళు మూసుకొని గొంతెత్తినాడు.

"జెండా దిగింది! ఆరు గుర్రాలు ముందర, మనది యాడ ఉండాది? కడాన ఉండాది! పాలబండికి అలవాటైన గుర్రమమ్మా, ప్రతి ఇంటి ముందర ఆగాలని చూస్తా ఉండాది..."

పిల్లలు ఒక్కసారిగా నవ్వినారు. మరుక్షణం నవ్వు ఆపేసినారు, ఎందుకంటే గుర్రం అందుకుంది. ఒక్కొక్క గుర్రాన్నీ దాటించినాడు. మలుపులో దాని లోపలి కాలు ఎట్లా ముందుకు పడిందో, జూలు వెనక పిల్లోడు ఎట్లా ఒదిగినాడో, కంచె అవతల బరువు పెరిగిన స్నేహితుడు వాళ్ళతో సమానంగా ఎట్లా పరుగెత్తినాడో చెప్పినాడు. గని దగ్గర పేర్లు పిలిచిన ఆ గొంతును, గనులు మూసినాక నేను వినడం అదే మొదటిసారి. పిల్లలు బెంచీలెక్కినారు. ఊరి పెద్దవాళ్ళు లేచి నిలబడినారు. "గెలిచింది!" అని నాయన అనకముందే బడి మొత్తం అరిచింది. నేనూ అరిచినాను.

గోల తగ్గినాక వెనక నుంచి ఓబలప్ప అనే ముసలాయన వచ్చినాడు. నలభై ఏళ్ళు జట్కా తోలిన మనిషి.

"ఎన్నేళ్ళు గుర్రాలతో ఉండినావు సామీ?"

"ఒక్కసారి కూడా ఎక్కలేదన్నా."

"నేను నమ్మను. మలుపులో లోపలి కాలు ముందు వేస్తాదని గుర్రాలవాళ్ళకు తప్ప ఎవరికి తెలుసు?"

"ఈ సినిమా యాభైసార్లు చూసినానన్నా. దాని కాళ్ళే చూస్తా కూర్చున్నా," అన్నాడు నాయన.

ఓబలప్ప తన తలగుడ్డ విప్పి మా నాయన భుజాల మీద కప్పినాడు.

పై నెలలో నేను బెంగళూరంతా వెతికి అదే సినిమా కొత్త సీడీ తెచ్చినాను. దాన్ని తీసుకొని మళ్ళీ లక్కూరు పోయినాము. నేను ప్రొజెక్టరు బయటికి తీస్తా ఉంటే ముందు వరసలోని పాప ఒకటి లేచింది.

"సార్, బొమ్మ వద్దు. మీరే చెప్పండి."

తరువాత కోలారు జిల్లాలో ముప్పై నాలుగు బళ్ళు పిలిచినాయి. ప్రతిచోటా కిటికీలు తెరిచిపెట్టే చెప్పినాడు. నాకు ఉద్యోగం వచ్చినాక కూడా శనివారాలు సెలవు పెట్టి ఆయన వెంట పోయేవాణ్ణి. మోసేదానికి సామాను ఏమీ లేదు. కడపటి బెంచీలో పిల్లల నడుమ ఇరుక్కొని కూర్చునేవాణ్ణి. ఎవరైనా "మీరెవరు సార్?" అని అడిగితే "ఆయన కొడుకును" అని చెప్పేదానికి ఎదురుచూస్తా.