పెద్దయ్య ముట్టని రొట్టె

నా చిన్నప్పుడు జరిగిన అవమానాలు నాకు వరుసగా గుర్తున్నాయి. పోనీ, మరచిపో అని చెప్పేవాళ్లంటే ఇప్పటికీ గిట్టదు. వాటన్నిటిలో పెద్దది డోలక్ విషయం.

మా నాన్న చంద్రపూర్‌లో బొగ్గు గనిలో పనిచేసేవాడు. తెలంగాణ నుంచి వచ్చిన మాబోటి కుటుంబాలు కాలనీ చివర రేకుల కప్పు వేసి ఒక చిన్న చర్చి కట్టుకున్నాయి. సంఘపెద్ద కూడా గనిలో పనిచేసేవాడే. ఒకప్పుడు బాగా తాగేవాడట, ప్రభువును నమ్ముకున్నాక మానేశాడు. పిల్లలం ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లం. డోలక్ వాయించేదీ ఆయనే, నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం రొట్టె ముక్కల పళ్లెం పట్టుకుని వరుసల మధ్య తిరిగేదీ ఆయనే.

వానాకాలంలో డోలక్ తోలు మెత్తబడి మోత సరిగా రాదు. అందుకని చర్చి వసారాలో టీ కాచే బొగ్గు పొయ్యి సెగకు దాన్ని కాచేవారు. ఒక శనివారం పాటల సాధన అయ్యాక, ఎవరూ చూడటం లేదనుకుని నేను డోలక్ మీద రెండు దెబ్బలు వేశాను. పెద్దయ్య చూసి కసిరాడు. మర్నాడు ఆరాధన వేళకు చూస్తే తోలు నిలువునా చీలి ఉంది.

ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. అందరి ముందూ చెవి మెలిపెట్టి, "గీ పోరే చింపింది. నిన్న నా కండ్లతోని సూసిన" అన్నాడు. ఆరాధన అయ్యేదాకా ఆ చినిగిన డోలక్ పక్కన నిలబెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేరుపేరునా చెప్పగలను.

ఆ మధ్యాహ్నమే ఆయనకు నిజం తెలిసింది. శనివారం సాయంత్రం మర్నాటి కోసం తోలు కాస్తూ, ఎవరో పిలిస్తే డోలక్‌ను పొయ్యి దగ్గరే వదిలి వెళ్లాడు. ఆ సెగకు ఎండి తోలు చీలింది. పొద్దున ఊడ్చడానికి వచ్చిన ఆయన భార్య, చీలిక చూసుకోకుండా దాన్ని తీసి లోపల పెట్టింది. అన్నం తింటూ ఆమె ఆ మాట అంటే ఆయన ముద్ద వదిలి లేచాడట. వాళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు.

మరుసటి ఆదివారం ఆయన లేచి నిలబడి జరిగిందంతా సంఘం ముందు చెప్పాడు. సాయంత్రం మా క్వార్టరుకు వచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గల్తీ నాది బిడ్డా. మాఫ్ చేస్తవా?"

"చెయ్య" అన్నాను.

నాన్న చెయ్యెత్తాడు. పెద్దయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "కొట్టకు తమ్మీ. నేనడిగింది దాన్ని, నిన్ను గాదు. గీ ముచ్చట బయట చెప్పకు" అని లేచి వెళ్లిపోయాడు.

ఎవరితోనైనా మనస్పర్థ ఉండి సమాధానపడనివాడు ఆ రొట్టె ముట్టకూడదని మా సంఘం నియమం. చాలామంది పొద్దున కొట్లాడుకుని వచ్చి ఆరాధనలో తినేవాళ్లు, నేను చూస్తూనే ఉండేదాన్ని. పెద్దయ్య మాత్రం ఆ నెల పళ్లెం వేరొకరికి ఇచ్చి, వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పళ్లెం తన దగ్గరికి వస్తే పక్కవాడికి అందించాడు. మరుసటి నెలా అంతే. అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు కనుక నేను మాఫ్ చెయ్యలేదన్న సంగతి ఎవరికీ తోచలేదు.

"మల్ల మొదలువెట్టిండు గావచ్చు, సీసా" అంది మా వెనక కూర్చున్న ఒకావిడ, ఆయనకు వినబడేలాగే. ఆయన తల తిప్పలేదు.

మూడో నెల రాకముందే మగవాళ్లంతా కూర్చుని ఆయన్ని నిలదీశారు. ఆ రోజు ఇంటికి వచ్చి నాన్న అమ్మతో చెబుతుంటే విన్నాను. ఒకరితో తనకు ఇంకా సమాధానం కాలేదని, ఆ పేరు అడగొద్దని పెద్దయ్య అన్నాడట. పెద్దరికం తీసేస్తామంటే తీసుకోండి అన్నాడట. నాన్న నోరు తెరవబోతే వద్దన్నట్టు కళ్లతోనే ఆపాడట. ఇదంతా చెప్పి నాన్న నా వైపు తిరిగాడు. "నీ పేరు చెప్పలే" అన్నాడు. తిడితే బాగుండేది.

ఆ మూడో నెల మొదటి ఆదివారం, పళ్లెం కదలకముందే నేను ఆడవాళ్ల వైపు నుంచి లేచి మగవాళ్ల మధ్యగా వెనక గోడ దాకా నడిచాను.

"మాఫ్ చేసిన పెద్దయ్యా. గానీ మర్వ."

"మర్వమని నేనడగలే బిడ్డా. నేను గూడ మర్వ" అన్నాడు.

పళ్లెం వచ్చింది. ఆయన రొట్టె ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నేను బాప్తిస్మం కాని పిల్లను కనుక ఆ రొట్టె నాకు పెట్టరు. కానీ ఆయన్ని రెండు నెలలు దానికి దూరంగా ఉంచింది నేనేనని అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. ఆయన నా మీద తోయకుండా ఆ భారం ఒక్కడే మోశాడు.

ఆ తర్వాత గొంతెత్తి ప్రార్థించే మగవాళ్లను చాలామందిని చూశాను. తప్పు చేసి, అయిందేదో అయింది అని దులిపేసుకున్నవాళ్లను చూశాను. మా ఆయన కూడా వాళ్లలో ఒకడే, రాసి పెట్టుకోకపోయినా తేదీలు చెప్పగలను. మగవాడంటే నా మనసులో మాత్రం ఆ గోడకు ఆనుకుని పళ్లెం పక్కకు అందించిన మనిషే.

పోయిన నెల, చంద్రపూర్‌లోనే తుకుం పేటలో ఉన్న మా ఇంట్లో, నా కళ్లద్దాలు విరగ్గొట్టాడని నా మనవణ్ణి నలుగురిలో తిట్టాను. వాటి మీద కూర్చున్నది నేనేనని తర్వాత తేలింది. ఆ నలుగురినీ పిలిచి చెప్పాను. వాణ్ణి మాఫీ అడిగాను. చెయ్యనన్నాడు. ఈ నెల పళ్లెం పక్కావిడకు అందించాను. వాడు మొండివాడు, అచ్చం నా పోలిక. వాడి పేరు మాత్రం ఎవరికీ చెప్పను.