మా ఊరిని దూరం జరిపిన ఇంగ్లీషు

మా ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు వస్తాయి. అమ్మ పొద్దుటి బస్సులో మామిడి తొక్కు డబ్బా పంపిస్తే, ఆ సాయంత్రమే ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసుకు చేరుతుంది. అలాంటి ఊరిని మా డైరెక్టర్ సారూ నేనూ కలిసి భూగోళం అంచుదాకా నెట్టేశాం. చేతులతో కాదు, ఇంగ్లీషుతో.

ఆఫీసంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు గదుల ఫ్లాటు, గోడ మీద సార్ తీసిన ఒకే ఒక్క సినిమా పోస్టరు. అది ఎన్నాళ్లు ఆడిందని అడగడం ఆఫీసులో నిషేధం. ఆయనకున్న ఏకైక అసిస్టెంట్ రైటర్ని నేను. టీ శాఖ కూడా నాదే. మా ఊరి చుట్టూ అల్లుకున్న కథను బంజారా హిల్స్‌లోని ఒక ఓటీటీ సంస్థవాళ్లు వింటామన్నారు. ఇది కూడా పోతే ఆఫీసు ఖాళీ చేసి ఎవరి ఊరికి వాళ్లం వెళ్లిపోదామని సార్ ముందే చెప్పేశారు. చెప్పి, కిటికీలోంచి చాలాసేపు శూన్యంలోకి చూశారు. కిటికీ అవతల ఉన్నది పక్కింటివాళ్ల ఎగ్జాస్ట్ ఫ్యాను.

వినడానికి ముందు కథను ఒక పేజీ ఇంగ్లీషులో పంపాలి. నేను రూరల్ విలేజ్ అని మొదలుపెట్టాను.

“చప్పగా ఉందయ్యా. ఇంకాస్త లోపలికి తీసుకెళ్లు.”

రిమోట్ అన్నాను.

“టీవీ గుర్తొస్తోంది.”

“ఇంటీరియర్?”

“దాంట్లో సోఫాలున్నాయి.”

మారుమూల ప్రాంతమని అర్థమొచ్చే హింటర్‌ల్యాండ్ అనగానే సార్ కళ్లు మెరిశాయి. “దగ్గరికొచ్చాం. కానీ ఏడుపు రావట్లేదు.”

చివరికి ఫోన్లో వెతికి గాడ్‌ఫర్‌సేకెన్ పట్టుకొచ్చాను. దేవుడు కూడా వదిలేసి పోయిన ఊరని అర్థం. సార్ లేచి నా భుజం తట్టారు. ఈ విషయం మా పోచమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె గుడి కదలకుండా అక్కడే ఉంది.

అప్పుడే అమ్మ ఫోను. “ఏం జేస్తున్నవ్ రా?”

“మన ఊరి గురించి ఇంగ్లీషుల రాస్తున్ననే.”

“మంచిగ రాయి. సీసీ రోడ్డు వడ్డదని గూడ రాయి.”

సరేనన్నాను. అప్పటికే మా పేజీలో ఊరికి మట్టి రోడ్డు కూడా మిగల్లేదు.

కథ వినాల్సిన రోజు ఓటీటీ సంస్థ మేడమ్ ఆ పేజీ మళ్లీ ఒకసారి చదువుకున్నారు. “కథ బాగుంది సార్. కానీ ప్లేస్ ఇంత రిమోట్ అయితే యూనిట్ ఎక్కడుంటుంది? ఆర్టిస్టుల కారవాన్లు ఎలా వెళ్తాయి? మా బడ్జెట్‌లో అవ్వదండీ.” ల్యాప్‌టాప్ సగం మూసేశారు కూడా. మేము కన్నీళ్ల కోసం రాసిన మాటలన్నీ ఆమెకు డీజిల్ ఖర్చుగా కనిపించాయి.

ఇలాంటప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఒక ఆచారం ఉంది. పేజీ బాగుంటే డైరెక్టర్ రాసినట్టు, బాగోకపోతే అసిస్టెంట్ రాసినట్టు. నేను సిద్ధమైపోయాను. తిట్టడానికి అనువుగా తల కాస్త వంచి కూడా పెట్టుకున్నాను.

“ఆ మాటలన్నీ నావే మేడమ్” అన్నారు సార్. “కిందటి సినిమా చూసి ఎవరూ ఏడవలేదు. ఆ భయంతో ఈసారి ఊరినే ఏడిపించేశాను.”

నిజానికి ఒకరు ఏడ్చారు, నిర్మాత. అది గుర్తుచేసే సమయం కాదు.

“ఊరు మా తమ్ముడిది. ముందు మామూలుగానే రాశాడు, నేనే పాడుచేశాను. వాడు చెప్తాడు, ఒక్కసారి వినండి.”

అప్పటిదాకా ఆయనకు నేను ‘ఏవయ్యా’ని, ఇప్పుడు తమ్ముణ్ని. గొంతు సవరించుకుని బస్సుల గురించి, సీసీ రోడ్డు గురించి, ఎండాకాలం సెలవుల్లో ఖాళీగా ఉండే బడి గదుల గురించి చెప్పాను.

మేడమ్ నవ్వారు. “మరి దేవుడు వదిలేసిన ఊరన్నారు?”

“వదల్లేదు మేడమ్. మా పోచమ్మ గాడనే ఉంది. బోనం లేటయితే ఊకోదు గూడ.”

ల్యాప్‌టాప్ మళ్లీ తెరుచుకుంది. “ఇదే రాసి పంపండి” అన్నారు.

లిఫ్టులో సార్ ఏదో గొప్ప మాట అంటారని ఎదురుచూశాను. “ఆకలేస్తోందయ్యా” అన్నారు.

ఆ రోజు నా వైపు వేలు చూపించడం ఆయనకు చాలా తేలిక. తన సినిమా చేజారిపోతున్నా చూపించలేదు. అందుకు థాంక్స్ చెప్పబోయినప్పుడల్లా “డైలాగులొద్దు, సీన్ రాయి” అంటారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. ఇక్కడైతే ఆయన కట్ చెప్పలేరు.

సెలవుల్లో షూటింగ్ మా ఊళ్లోనే మొదలైంది. మొదటి రోజు సార్ మా ఇంటి అరుగు మీద అన్నం తింటూ, “ఇంత దగ్గరా అమ్మా మీ ఊరు!” అన్నారు.

“దూరమని ఎవలన్నరు సారూ?” అంది అమ్మ, చేతిలో గంటె అలాగే పట్టుకుని.

నేను మళ్లీ తల వంచాను.

“నేనేనమ్మా” అన్నారు సార్, కంచం ముందుకు జరిపి ఇంకాస్త తొక్కు వేయించుకుంటూ.